రోడ్డుకీ ఒక లాగ్ బుక్కు కావాలి

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఇంజనీర్స్ రెజిమెంటుకు చెందిన ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రోడ్ల గురించి మాట్లాడమన్నారు. భోజనాలయ్యాక ఈ సబ్జెక్టు పెట్టినవాళ్లకు హాస్యం ఎక్కువే అనుకుంటాను. నేను ఇంజనీరును కాను. ఇంటర్ పాసై మద్రాస్ సాపర్స్‌లో చేరినవాణ్ని. బెంగుళూరులో ట్రైనింగు, ఆ తర్వాత సర్వీసులో కొంత భాగం కొండల్లో రోడ్ల పని మీద గడిచింది. రిటైరయ్యాక రెండేళ్లు ఒక హైవే పనిలో క్వాలిటీ కంట్రోలు లేబరేటరీలో సూపర్‌వైజరుగా చేశాను. కాబట్టి పుస్తకం చెప్పేది కొంత, చేతికి అంటుకున్నది కొంత కలిపి చెబుతాను. ఇక్కడ నాకంటే పెద్ద ఇంజనీరు ఆఫీసర్లు కూర్చున్నారు. తప్పుంటే అక్కడే ఆపండి సాబ్, తర్వాత మెస్సులో కాదు.

ముందు ఒక మాట. రోడ్డు అనగానే మన కంటికి కనపడేది నల్లటి తారు. తారు పోస్తే రోడ్డు వచ్చింది అంటాం, తారు లేస్తే రోడ్డు పోయింది అంటాం. నిజానికి పెద్ద హైవేలో కూడా పైన కనిపించే ఆ ఆఖరి పొర సాధారణంగా 40 మిల్లీమీటర్లు. నా బొటనవేలు పొడవు కూడా ఉండదు. దాని కింద ఇంకొక తారు కంకర పొర, దాని కింద నీళ్లు కలిపి రోలరుతో బిగించిన కంకర పొర, దాని కింద నీళ్లు బయటికి పోవడానికి వేసే గ్రావెల్ పొర, ఆ కింద అర మీటరు మందాన గట్టిపరిచిన మట్టి. ఈ మట్టినే సబ్‌గ్రేడ్ అంటాం. లారీ టైరు బరువు పైనుంచి కిందికి దిగుతూ, ప్రతి పొర దగ్గరా కొంచెం కొంచెంగా వెడల్పుగా పరుచుకుని, చివరికి మట్టి మోయగలిగినంత పలచబడాలి. ఇసుకలో బండి దిగబడితే మనం ట్రాక్‌వే పరిచేవాళ్లం గుర్తుందా? అదే సూత్రం. ట్రాక్‌వే బండిని మోయదు, బరువును పంచుతుంది. మోసేది కింద ఇసుకే.

కాబట్టి మొదటి ప్రశ్న కింద మట్టి ఎంత మోస్తుంది అన్నది. దీన్ని కొలిచే పరీక్ష పేరు సీబీఆర్. అమెరికాలో కాలిఫోర్నియా రోడ్ల శాఖవాళ్లు 1920ల చివర్లో కనిపెట్టారు. 50 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న ఇనుప కడ్డీని మట్టిలోకి నెమ్మదిగా నొక్కుతారు. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి మంచి కంకరలో 1370 కిలోలు కావాలి. మన మట్టిలో 68 కిలోలకే దిగిపోతే దాని బలం కంకరలో నూటికి 5 వంతులు అన్నమాట. అంటే సీబీఆర్ 5. మన నల్లరేగడి నేలల్లో తడిసిన తర్వాత ఇది రెండు, మూడు కూడా వస్తుంది. తడిసిన తర్వాత అని ఎందుకన్నానంటే, ఈ పరీక్షకు మట్టి నమూనాను 4 రోజులు నీళ్లలో నానబెడతారు. వానాకాలంలో మట్టి ఎలా ఉంటుందో చూడ్డానికి. ఎండాకాలంలో పరీక్షిస్తే ఏ మట్టయినా శూరుడే.

ఈ పరీక్షను ప్రపంచమంతా వ్యాపింపజేసింది మనలాంటి వాళ్లే. రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన బాంబర్ విమానాలకు తొందరగా రన్‌వేలు వేయాల్సి వచ్చి అమెరికా ఆర్మీ ఇంజనీర్లు 1942 ప్రాంతంలో ఈ పద్ధతినే తీసుకుని రన్‌వేల మందం లెక్కలకు వాడారు. యుద్ధం తర్వాత అది మామూలు రోడ్లకూ స్థిరపడిపోయింది. మన దేశంలో 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, తారు రోడ్ల మందం ఎలా నిర్ణయించాలో 1970లో ఒక పుస్తకం వేసింది. దాని నంబరు ఐఆర్‌సీ 37. అందులో లెక్క చాలా సులభం. మట్టి సీబీఆర్ ఎంత, రోజుకి బరువు బండ్లు ఎన్ని అని చూసి, ఒక గీతల పటంలో మందం చదువుకోవడమే. నాలాంటి ఇంటర్ పాసైనవాడు కూడా చేయొచ్చు.

మరి ఆ సులభమైన పద్ధతిని ఎందుకు మార్చారు? బండ్ల సంఖ్య మారింది, అంతకంటే బండి బరువు మారింది. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పేదాంట్లో ఇదే ముఖ్యం.

1958 నుంచి 1960 వరకు అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర ఒక పెద్ద ప్రయోగం చేశారు. రకరకాల మందాలతో ఎనిమిది వందలకు పైగా రోడ్డు ముక్కలు వేసి, వాటి మీద తెలిసిన బరువు ఉన్న ట్రక్కులను రోజుకి 18 గంటలకు పైగా, రెండేళ్లపాటు గుండ్రంగా తిప్పారు. మొత్తం 11 లక్షల 14 వేల సార్లు ఇరుసులు ఆ రోడ్ల మీద దొర్లాయి. ఆ ట్రక్కులు నడిపింది ఎవరో తెలుసా? అమెరికా ఆర్మీ ట్రాన్స్‌పోర్ట్ కోర్ జవాన్లు. ఎండా వానా మంచూ అనకుండా రెండేళ్లు ఒకే చోట చుట్లు తిరిగారు. ఏఎస్‌సీ సోదరులు ఇక్కడ ఎవరైనా ఉంటే ఆ డ్యూటీ ఎంత విసుగో వాళ్లకే తెలుస్తుంది. ఆ విసుగులోంచి వచ్చిన జ్ఞానం మీదే నేటికీ ప్రపంచంలో రోడ్ల లెక్కలు నడుస్తున్నాయి.

వాళ్లకు తేలిందేమిటంటే, ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు దెబ్బ రెండింతలు కాదు, దాదాపు 16 ఇంతలు. మూడింతలైతే 81 ఇంతలు. బరువు నిష్పత్తిని దానితో దాన్నే నాలుగుసార్లు వేసి గుణించాలి. మన లెక్కల్లో ప్రామాణిక ఇరుసు అంటే సుమారు 8.16 టన్నులు. దానికి రెట్టింపు, అంటే 16 టన్నుల ఇరుసున్న ఇసుక లారీ ఒక్కసారి పోతే, మామూలు లారీ ఇరుసు 15, 16 సార్లు పోయినట్టు. అదే పదోవంతు బరువున్న కారు ఇరుసు అయితే పదివేల సార్లు దొర్లితే గాని ఒక లారీ ఇరుసుతో సమానం కాదు. 'కార్లు ఎక్కువైపోయి రోడ్లు పాడైపోతున్నాయి' అని మనవాళ్లు అంటుంటారు. కార్లతో ట్రాఫిక్ జామ్ అవుతుంది గాని రోడ్డు పాడవదు.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం చట్టం ఒప్పుకునే ఇరుసు బరువులు పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు ఉన్నది 11.5 అయింది. సరుకు రవాణాకు మంచిదే, నేను కాదనను. కానీ ఈ లెక్క వేసి చూడండి. 10.2 టన్నుల ఇరుసు రోడ్డుకి చేసే నష్టం ప్రామాణిక ఇరుసుకు సుమారు 2.4 ఇంతలు. 11.5 టన్నులది సుమారు 3.9 ఇంతలు. బరువు పెరిగింది ఎనిమిదో వంతు, దెబ్బ పెరిగింది ఒకటిన్నర ఇంతలకు పైన. ఇది చట్టం ప్రకారం నడిచే బండి సంగతి. చట్టం దాటి నడిచేవి మనందరికీ తెలుసు.

మనం బ్రిడ్జి దగ్గరికి వెళ్తే ముందు లోడ్ క్లాస్ బోర్డు చూస్తాం. క్లాస్ 18 బ్రిడ్జి మీదికి క్లాస్ 24 బండిని ఎక్కనివ్వం. బ్రిడ్జి అయితే ఒక్కసారిగా కూలుతుంది కాబట్టి అందరికీ భయం. రోడ్డు మెల్లగా పోతుంది కాబట్టి ఎవరికీ భయం లేదు.

అందుకని ఐఆర్‌సీ 37 పుస్తకాన్ని 1984లో మార్చి, బండ్ల సంఖ్య బదులు ఎన్ని మిలియన్ల ప్రామాణిక ఇరుసులు దొర్లుతాయి అనే లెక్క పెట్టారు. 2001లో, 2012లో, 2018లో మళ్లీ మార్చారు. ఇప్పటి పద్ధతిలో రోడ్డును ఒక యంత్రభాగం లాగా చూస్తారు. రెండే రెండు చోట్ల చూపు పెడతారు. ఒకటి, తారు పొర అడుగుభాగం. వెదురు బద్దను వంచితే లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది కదా. టైరు పోయినప్పుడల్లా తారు పొర కొంచెం వంగుతుంది, దాని అడుగున సాగుతుంది. తీగను అటూ ఇటూ వంచితే ఎప్పుడో తెగినట్టు, లక్షల సార్లు సాగాక అక్కడ చీలిక మొదలై పైకి వస్తుంది. మొసలి చర్మం లాగా పగుళ్లు కనపడేసరికి కింద ఆ పని ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. రెండోది, మట్టి పైభాగం. అది ఎంత నొక్కుకుంటుందో చూడాలి. ఎక్కువ నొక్కుకుంటే చక్రాల జాడలో రోడ్డు దిగబడి గాడి పడుతుంది. ఈ రెండూ లెక్కగట్టడానికి ఖరగ్‌పూర్ ఐఐటీలో తయారైన ఐఐటీపేవ్ అనే సాఫ్ట్‌వేర్ 2012 పుస్తకంతో వచ్చింది. మన ఊళ్లలో బీటెక్ చదివిన పిల్లలు ఇంట్లో కంప్యూటర్ మీద చేసేస్తున్నారు.

దీనివల్ల లాభమేమిటంటే కొత్త సరుకులు వాడొచ్చు. పాత గీతల పటం కంకరకు, తారుకు మాత్రమే పనికొచ్చేది. ఇప్పుడు పాత రోడ్డునే యంత్రంతో తవ్వి, పొడిచేసి, సిమెంటు కలిపి అక్కడికక్కడే గట్టి పొరగా మార్చే పద్ధతి ఉంది. ఉత్తరప్రదేశ్‌లో గ్రామ సడక్ యోజన రోడ్లకు పెద్దఎత్తున వాడారు. కొత్త కంకర కోసం కొండను పగలగొట్టక్కర్లేదు. స్టీలు ఫ్యాక్టరీ చిట్టెంతో సూరత్ దగ్గర హజీరాలో 2022లో రోడ్డు వేశారు. ప్లాస్టిక్ చెత్తను వేడి కంకరకు పూతపట్టించే పద్ధతిని మదురై ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ గారు కనిపెట్టారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ మంచివే, వాడాల్సిందే. కాకపోతే పేపర్లో ఫోటో వచ్చేది ఇలాంటి వాటికే. రోడ్డు పక్క కాలువ తీసినవాడి ఫోటో ఎవరూ వేయరు.

కొండల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సగంమంది ఆ రోడ్ల మీద ప్రయాణం చేసినవాళ్లే. 1960 మే 7న బోర్డర్ రోడ్స్ సంస్థ పుట్టింది. తేజ్‌పూర్‌లో ఒక ప్రాజెక్టు, శ్రీనగర్‌లో బీకన్, ఇవే మొదటివి. ఇప్పుడు 19,024 అడుగుల ఉమ్లింగ్ లా దాటి, 2025లో లడఖ్‌లోనే 19,400 అడుగుల మిగ్ లా దాకా రోడ్డు తీసుకెళ్లారు. అక్కడి శత్రువు లారీ కాదు, నీరు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పగుల్లోకి దూరిన నీరు రాత్రి గడ్డకట్టి చీలుస్తుంది, పగలు కరిగి కిందికి దిగుతుంది, మళ్లీ రాత్రి ఇంకొంచెం చీలుస్తుంది. సన్నటి బూడిద లాంటి మట్టి ఉంటే రోడ్డే పైకి లేస్తుంది. అందుకే కనుమల మీద తారు నిలవని చోట ఒకదాంట్లో ఒకటి ఇమిడే సిమెంటు దిమ్మలు పరిచారు. లేస్తే తీసి మళ్లీ పరుచుకోవచ్చు. తారు కూడా చల్లని చోటికి మెత్తటి రకం, ఎండ ప్రాంతానికి గట్టి రకం వాడాలి. మన ప్రాంతంలో మే నెలలో తారు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. లేహ్‌లో పనికొచ్చే తారు విజయవాడలో కారిపోతుంది. 2006లో ఐఎస్ 73 ప్రమాణం మారి, సూది ఎంత దిగుతుంది అనే పాత కొలతకు బదులు చిక్కదనాన్ని బట్టి గ్రేడు ఇవ్వడం మొదలైంది. పాత 80/100 అనేవాళ్లకు ఇప్పుడది వీజీ 10, 60/70 అనేది వీజీ 30.

ఇక అసలు విషయానికి వస్తాను. డిజైన్ ఎంత గొప్పగా చేసినా, వేసిన తర్వాత రోడ్డును ఎలా చూసుకుంటున్నాం?

మన యూనిట్లో ప్రతి బండికీ లాగ్ బుక్ ఉంటుంది. ఎప్పుడొచ్చింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, స్ప్రింగు ఎప్పుడు విరిగింది, అన్నీ రాసి ఉంటాయి. ఫిరంగికి హిస్టరీ షీట్ ఉంటుంది. కోత్‌లో రైఫిలు నంబరు తప్పితే ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. బండి ఆగిపోయాక బాగుచేయించడం కాదు, ఆగకముందే గ్రీజు పెట్టడం మనకు అలవాటు చేశారు. అంత ఖర్చుపెట్టి వేసిన రోడ్డుకు మాత్రం, దాని అడుగున ఏముందో, ఎప్పుడు వేశారో చెప్పే కాగితం చాలాచోట్ల దొరకదు.

మా ఊరి సంగతే చెబుతాను. ఊరి పేరు, ఎవరి పేరూ చెప్పను, అవసరం లేదు. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి 3 కిలోమీటర్ల రోడ్డు, రెండువైపులా వరి పొలాలు. నేను రిటైరై వచ్చినప్పటినుంచి చూస్తున్నాను, ఒక రెండువందల మీటర్ల ముక్క ప్రతి వానాకాలం తర్వాత అదే చోట గుంతలు పడుతుంది. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు వచ్చి గుంతల్లో కంకర, తారు వేసి వెళ్తారు. ఒకసారి ఏకంగా 20 మిల్లీమీటర్ల కార్పెట్ పరిచారు. మొదటి వానకే అదీ లేచింది. నేను వెళ్లి, ఈ రోడ్డు కింద ఏ పొర ఎంత మందం ఉంది, ఎప్పుడు వేశారు అని అడిగాను. వేసినాయన ట్రాన్స్‌ఫర్ అయిపోయారు, రికార్డు పాత ఆఫీసులో ఉందేమో అన్నారు. పాత ఆఫీసులో అడిగితే కొత్త ఆఫీసుకు పంపేశాం అన్నారు.

నేనూ ఇద్దరు కుర్రాళ్లూ గడ్డపార తీసుకెళ్లి రోడ్డు అంచున ఒక జాన లోతు తవ్వాం. కింద మట్టి పిసికిన పిండిలా ఉంది. పిడికిట్లో నొక్కితే వేళ్ల మధ్యనుంచి బయటికొచ్చింది. మరి నీళ్లెక్కడివి? అక్కడ ఒకప్పుడు తూము ఉండేదని మా పెద్దనాన్న చెప్పారు. ఒక ఇంటి పునాదికి మట్టి నింపినప్పుడు దాని నోరు మూసుకుపోయింది. పొలాల నీళ్లు రోడ్డు పక్కనే నిలబడి నెలలతరబడి సబ్‌గ్రేడ్‌ను నానబెడుతున్నాయి. నాలుగు రోజులు నానబెట్టి పరీక్ష చేస్తారని ఇందాక చెప్పానే, ఇక్కడ నాలుగు నెలలు నానుతోంది. దాని మీద ఎంత తారు పోస్తే ఏం లాభం? ఊళ్లో పెద్దల్ని కూర్చోబెట్టి, ఆ ఇంటాయన్ని ఒప్పించి, తూము తెరిపించి, పక్క కాలువ తీయించేసరికి ఏడాది పట్టింది. ఇసుక, సిమెంటు ఖర్చు కంటే టీ ఖర్చు ఎక్కువైంది. ఆ ముక్క ఇప్పటికి రెండు వానాకాలాలు నిలబడింది. ఊరి రెండో చివర మాత్రం ఇసుక లారీల దెబ్బకు పోయింది, దాన్ని నేనేం చేయలేకపోయాను.

ఒక లాగ్ బుక్ ఉండి, 'ఫలానా చోట తూము, ఫలానా సంవత్సరం నుంచి అదే చోట గుంతలు' అని వరుసగా నాలుగు లైన్లు రాసి ఉంటే, ఎవరికైనా ఐదు నిమిషాల్లో అర్థమయ్యే జబ్బు అది. రోడ్ల ఆస్తి నిర్వహణ అని ఇప్పుడు పెద్ద పేరుతో పిలిచేది ఈ లాగ్ బుక్కునే, కాకపోతే కంప్యూటర్లో.

అందులో రాయడానికి కొలతలు కావాలి. వెనకటికి బెంకెల్‌మన్ బీమ్ అని ఉండేది. వెనక ఇరుసు 8170 కిలోలు ఉండేలా లారీలో బరువు నింపి, జంట టైర్ల మధ్య సందులోకి పొడుగాటి బీమ్ కొన పెట్టి, లారీని 2.7 మీటర్లు, తర్వాత 9 మీటర్ల దూరానికి నడిపి, రోడ్డు ఎంత వంగి ఎంత లేచిందో డయల్ గేజ్‌లో చదవాలి. నేను చదివాను, మోకాళ్ల మీద కూర్చుని, వెనకనుంచి లారీలు హారన్ కొడుతుంటే. రోజంతా చేస్తే కొద్ది కిలోమీటర్లు. ఇప్పుడు ఎఫ్‌డబ్ల్యూడీ అనే యంత్రం వచ్చింది. ఒక గుండ్రటి పలక మీద బరువు పడేస్తుంది, చుట్టూ పెట్టిన సెన్సార్లు రోడ్డు ఎంత లోతు, ఎంత వెడల్పున వంగిందో చెబుతాయి. దాన్నిబట్టి రోడ్డు తవ్వకుండానే ఏ పొర నీరసించిందో లెక్కగట్టవచ్చు. దీనికి 2014లో ఐఆర్‌సీ 115 అనే పుస్తకం వచ్చింది. కుదుపు కొలవడానికి ఐఆర్ఐ అనే అంతర్జాతీయ కొలత ఉంది, 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగంలోంచి వచ్చింది. లేజర్లు, కెమెరాలు బిగించిన సర్వే వాహనం మామూలు వేగంతో పోతూనే కుదుపు, గాడి, పగుళ్లు అన్నీ రాసుకుంటుంది.

ఈ కొలతలన్నీ హెచ్‌డీఎం 4 లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెడితే, ఏ రోడ్డు మీద ఏ సంవత్సరం ఎంత ఖర్చుపెడితే మొత్తానికి తక్కువ ఖర్చవుతుందో చెబుతుంది. దాని పునాది లెక్కలు కెన్యా, బ్రెజిల్, కరేబియన్ దీవులతో పాటు మన దేశంలో సెంట్రల్ రోడ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన అధ్యయనం మీద కూడా ఆధారపడ్డాయి. అంటే పరాయి సరుకేం కాదు.

ఆ లెక్క చెప్పేది చాలామందికి మింగుడుపడదు. బాగా పాడైన రోడ్డును ముందు బాగుచేయవద్దు, బాగానే కనపడుతున్న రోడ్డుకు ముందు పల్చటి పూత వేయండి అంటుంది. ఎందుకంటే రోడ్డు చాలా ఏళ్లు నెమ్మదిగా నీరసించి, ఒక దశ దాటాక ఒక్కసారిగా పడిపోతుంది. ఆ దశకు ముందు పగులు పూడ్చి పూత వేస్తే కొద్దిలో అయిపోతుంది. దాటాక అడుగునుంచి తవ్వి కట్టాలి. ప్రపంచ బ్యాంకు 1988లో 85 దేశాల రోడ్లను చూసి ఒక లెక్క చెప్పింది. వేళకు చూసుకోక 4,500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు పోయాయి, వేళకు చూసుకుని ఉంటే 1,200 కోట్ల లోపే సరిపోయేదని.

పోయినసారి ఇదే మాట ఒకచోట చెబితే ఒక కల్నల్ సాబ్ నన్ను గట్టిగా పట్టుకున్నారు. 'సుబేదార్ సాబ్, మా ఊరికి అంబులెన్సు రావడం లేదు. నువ్వేమో బాగున్న రోడ్డుకే డబ్బులు పెట్టమంటున్నావు. గర్భిణీ స్త్రీని మంచం మీద మోసుకొచ్చే ఇంట్లో ఈ మాట చెప్పగలవా?' అన్నారు. చెప్పలేను సాబ్ అన్నాను. ఆ ప్రశ్నకు సాఫ్ట్‌వేర్‌లో జవాబు లేదు. ఆ ఊరికి ముందు రోడ్డు వెయ్యాల్సిందే, ఎంతయినా సరే. నేను చెప్పింది మిగతా డబ్బు సంగతి. నిర్వహణకని పెట్టిన డబ్బంతా ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల గుంతల్లో పోసుకుంటూ పోతే, ఇవాళ బాగున్న ఊరు ఐదేళ్ల తర్వాత ఆ మంచం మోసే ఊళ్ల లిస్టులో చేరుతుంది. రెండు పద్దులు వేరువేరుగా పెట్టాలి, ఒకదాంట్లోంచి ఇంకొకదానికి చెయ్యి పెట్టనివ్వకూడదు. కల్నల్ సాబ్ పూర్తిగా ఒప్పుకోలేదు. ఇవాళ ఆయన సభలో ఉన్నారు, మళ్లీ అడుగుతారేమో.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఒక మంచి షరతు పెట్టారు. వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలి. తర్వాత ఈమార్గ్ అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. ఎంత కంకర వేశావు అని కాదు, రోడ్డు ఎలా ఉంది అని చూసి మార్కులు వేసి బిల్లు ఇస్తారు. ఫోటోలు తీసి పెట్టాలి. సరైన దారి ఇది. కానీ ఒక భయం నాకుంది. మన దగ్గర తప్పుడు రిటర్న్ పంపితే ఏమవుతుందో తెలుసు కదా. ఆఫీసులో కూర్చుని అంకెలు నింపితే, కంప్యూటర్ ఆ అబద్ధాన్నే అందంగా రంగుల పటంలో చూపిస్తుంది. ఎవరో ఒకరు నడిచి చూడాలి. నా చిన్నప్పుడు మా రోడ్డు మీద ఒక గ్యాంగు కూలీ ఉండేవాడు. పార భుజాన వేసుకుని వానలో నడుస్తూ, నీళ్లు నిలబడ్డచోట రెండు పారలు మట్టి తీసి దారి చేసేవాడు. అతని జీతం ఎంత, అతను కాపాడిన రోడ్డు విలువ ఎంత? కొత్త యంత్రాలు తెచ్చేటప్పుడు ఆ పారవాణ్ని మర్చిపోతున్నారు.

అందుకే రిటైరై ఊళ్లకు వెళ్లిన మిత్రులను అడుగుతున్నాను. మొదటి పెద్ద వాన పడ్డ రోజు గొడుగు వేసుకుని మీ ఊరి రోడ్డు చివరిదాకా నడవండి. నీళ్లు ఎక్కడ నిలబడుతున్నాయో ఒక నోటుబుక్కులో రాయండి, తేదీతో సహా. మనకు పెట్రోల్ రిపోర్టు రాయడం వచ్చు. గ్రామ సడక్ యోజన రోడ్డు పక్కన బోర్డు ఉంటుంది, నిర్వహణ ఎన్నేళ్లు ఎవరిదో దాని మీద ఉంటుంది, చదవండి. 2015లో వచ్చిన మేరీ సడక్ అనే ఫోన్ యాప్‌లో ఫోటో పెట్టి ఫిర్యాదు చేయవచ్చు. 'రోడ్డు బాగోలేదు' అని అర్జీ పెడితే ఎవరూ కదలరు. 'ఇన్నో కిలోమీటరు దగ్గర తూము మూసుకుపోయింది, మూడేళ్ల నుంచి అక్కడే గుంతలు' అని పెట్టండి.

సభలోంచి రెండు చీటీలు వచ్చాయి, అవి చూసి దిగిపోతాను.

ఒకరు సిమెంటు రోడ్డు వేస్తే ఈ గొడవ ఉండదు కదా అని అడిగారు. చాలాచోట్ల మంచిదే. 30 ఏళ్లకు డిజైన్ చేస్తారు, నీళ్లకు తారు కంటే బాగా ఓర్చుకుంటుంది. మొదటి ఖర్చు ఎక్కువ. దాని కింద కూడా మట్టి ఉంటుంది, జాయింట్ల దగ్గర నీళ్లు దిగితే దాని కిందా మట్టి కొట్టుకుపోయి పలక విరుగుతుంది. ఇంకొకటి, మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసిన మరుసటి నెలలో నీళ్ల పైపు కోసం దాన్ని కోస్తారు. పైపు ముందు, రోడ్డు తర్వాత అనే ఆర్డరు పాటిస్తే వెయ్యండి.

రెండో చీటీ సర్వీసులో ఉన్న ఒక నాయక్ రాశాడు. ఇంకో మూడేళ్లలో పింఛను, ఈ పనుల్లో మనలాంటి వాళ్లకు ఉద్యోగం దొరుకుతుందా అని. దొరుకుతుంది తమ్ముడూ. మట్టి, తారు పరీక్షల లేబరేటరీ టెక్నీషియన్లు, ఎఫ్‌డబ్ల్యూడీ ఆపరేటర్లు, సర్వే వాహనం నడిపేవాళ్లు, ఇరుసు బరువు తూచే చోట సూపర్‌వైజర్లు, వీళ్ల అవసరం ఉంటోంది. ఇంజనీర్స్‌లో ఉంటే సర్వీసులో ఉండగానే సాయిల్ టెస్టింగు, సర్వే కోర్సులకు పేరు ఇవ్వు. ఇంగ్లీషులో రిపోర్టు రాయడం, కంప్యూటర్లో ఎక్సెల్ షీట్ నింపడం నేర్చుకో. నాకు లేబరేటరీలో మొదటి ఆరు నెలలు కష్టమైంది ఆ ఎక్సెల్‌తోనే. సభ అయ్యాక టీ దగ్గర కలువు, నా దగ్గరున్న పుస్తకాల లిస్టు ఇస్తాను.

జై హింద్.